పాత ఫోర్ బై ఫోర్ పికప్ కొనబోతున్నారా? నాకు 78 వేలు వదిలింది, ఇది చదివి వెళ్ళండి

ఏవండీ, ఈమధ్య రొయ్యల చెరువుల వాళ్ళు, లంకల్లో కూరగాయలు వేసేవాళ్ళు చాలామంది పాత ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజను శక్తి వెళ్ళే) పికప్‌ల కోసం తిరుగుతున్నారు. నన్ను కూడా ముగ్గురు నలుగురు అడిగారు. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పేకంటే ఒకేసారి రాసేస్తే పోతుందని కూర్చున్నాను. బండి కంపెనీ పేరు రాయను, తప్పు బండిది కాదు. అమ్మినాయన పేరూ రాయను. సగం తప్పు నాదే, అది మాత్రం దాచను.

మా చెరువులు ఆకివీడు అవతల. వానాకాలంలో ఆ గట్ల మీద నల్లమట్టి సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చెప్పు వేసుకుని పది అడుగులు నడిస్తే కాలికి రెండు కేజీల మట్టి. మేత బస్తాలు, ఏరియేటర్ల (చెరువు నీళ్ళకి గాలి అందించేవి) మోటార్లు, జనరేటర్‌కి డీజిల్, అన్నీ చెరువు దాకా చేరాలి. పాత పికప్ మామూలు టూ వీల్ డ్రైవ్, ఏటా నాలుగైదుసార్లు ట్రాక్టరు కట్టి లాగించుకునేవాళ్ళం. ఈసారి విసుగొచ్చి ఫోర్ బై ఫోర్ తీసుకుందామని హైవే పక్కన పాత బండ్లు అమ్మే యార్డుకి వెళ్ళాను. బండి కడిగి, పాలిష్ పెట్టి, పెళ్ళికొడుకులా నిలబెట్టారు. ముందు రెండు టైర్లు కొత్తవి, తళతళలాడుతున్నాయి. నేను దానికే పడిపోయాను.

ఆయన అన్నమాట నాకింకా చెవిలో ఉంది. "అన్నయ్యగారూ, వానాకాలం నాలుగు నెలలూ ఫోర్ హెచ్‌లో పెట్టి వదిలెయ్యండి, బండి రోడ్డుని అతుక్కుని పోద్ది." నేనూ నమ్మేశాను. గేరు రాడ్ దగ్గర గుండ్రటి నాబ్ ఉంది, టూ హెచ్ (వెనక రెండు చక్రాలకే శక్తి), ఫోర్ హెచ్ (నాలుగింటికీ, మామూలు వేగం), ఫోర్ ఎల్ (నాలుగింటికీ, నెమ్మదిగా ఎక్కువ బలంతో) అని. ఫోర్ హెచ్‌కి తిప్పి దాదాపు ఆరు వారాలు అలాగే తిరిగాను. భీమవరం, ఉండి, ఆకివీడు, అన్నీ తారు రోడ్లే, కాలవ గట్టు వెంబడి పోయే రోడ్లు కాబట్టి అడుగడుక్కీ మలుపే.

ఇక్కడే అసలు విషయం ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి. పికప్‌లలో ఎక్కువగా వచ్చేది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్. అంటే ఫోర్ హెచ్ వేయగానే గేరుబాక్స్ వెనక ఉండే ట్రాన్స్‌ఫర్ కేసు ముందు చక్రాలకి పోయే షాఫ్ట్‌ని, వెనక చక్రాలకి పోయే షాఫ్ట్‌ని కలిపి బిగించేస్తుంది, రెండూ ఒకే వేగంతో తిరగాల్సిందే. మధ్యలో తేడా సర్దే డిఫరెన్షియల్ ఉండదు. కానీ బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పెద్ద చుట్టు తిరుగుతాయి, వెనక చక్రాలు లోపలగా కోసుకుంటూ వస్తాయి. పందిరి వాసాన్ని ఇద్దరు భుజాన వేసుకుని సందు మలుపు తిరగడం చూశారుగా, ముందువాడు పది అడుగులు వేస్తే వెనకవాడికి ఏడెనిమిది సరిపోతాయి. ఇద్దరూ లెక్కపెట్టి సమానంగా అడుగులు వేయాలంటే ఏమవుద్ది? వాసం ఎవరో ఒకరి భుజాన్ని గుంజేస్తుంది. బురదలో అయితే ఫరవాలేదు, టైరు కాస్త జారి ఆ తేడాని సర్దేసుకుంటుంది. తారు రోడ్డు మీద టైరు అంత తేలిగ్గా జారదు. ఆ గుంజుడంతా షాఫ్టుల్లో, జాయింట్లలో, ట్రాన్స్‌ఫర్ కేసులో పేరుకుపోతుంది. వాన పడి తడిగా ఉంది కదా, జారుతుందిలే అనుకోకండి, తడి తారుకి కూడా చాలినంత పట్టు ఉంటుంది.

సిగ్గుచేటు ఏంటంటే ఇది నాకు వేరే రూపంలో తెలిసిన సంగతే. మన దగ్గర దమ్ము చేసే కుర్రాడిని ఎవరినైనా అడగండి, ట్రాక్టరు ఒక పక్క చక్రం ఊరికే తిరుగుతుంటే డిఫ్ లాక్ తొక్కి బయటికి తీస్తాడు, తియ్యగానే కాలు తీసేస్తాడు, లాక్ మీద ట్రాక్టరు మలపడు. అక్కడ కుడి ఎడమ చక్రాలు కలిపి బిగిస్తారు, ఇక్కడ ముందు వెనక షాఫ్టులు. అంతే తేడా. ముప్పై ఏళ్ళుగా ట్రాక్టరు ఉన్న ఇంట్లోవాణ్ణి, కారు సీట్లాంటి సీట్లో కూర్చోగానే అన్నీ మర్చిపోయాను.

లక్షణాలు మొదట్నుంచీ ఉన్నాయి, నేనే పట్టించుకోలేదు. మలుపులో స్టీరింగ్ బరువెక్కేది, ఎవరో బ్రేకు పట్టినట్టు బండి మూలిగేది, యూ టర్న్ కొడుతుంటే టైర్లు కీచుమనేవి. పెద్ద బండి కదా ఇలాగే ఉంటుందేమో అనుకున్నా. ఒకరోజు భీమవరంలో బండి వెనక్కి తిప్పుతుంటే కింద నుంచి ధన్‌మని ఒక్క శబ్దం, పక్కన టీ తాగుతున్నవాళ్ళు కూడా లేచి చూశారు. భయమేసి నాబ్ టూ హెచ్‌కి తిప్పితే డాష్‌బోర్డు మీద ఫోర్ బై ఫోర్ లైటు మినుక్కు మినుక్కుమంటోందే గానీ ఆరదు.

మెకానిక్ వచ్చి పానా కూడా తియ్యలేదు. స్టీరింగ్ నిటారుగా పెట్టి పది పదిహేను అడుగులు రివర్స్ పోనిచ్చాడు, కింద టక్కుమంది, లైటు ఆరిపోయింది. లోపల మెలిపడిన బిగువు వెనక్కి వెళితే విడిపోతుందట. ఈ ఒక్క కిటుకు గుర్తుపెట్టుకోండి, నాబ్ తిప్పినా లైటు ఆరకపోతే బలవంతం చెయ్యకుండా నిటారుగా కాస్త వెనక్కి పొండి. తర్వాత ఆయన టైర్లు చూసి నన్ను చూశాడు. "ముందొక సైజు, వెనకొక సైజు ఏంటండీ?"

వెనక 245/70 ఆర్ 16. ముందు కొత్తగా తళతళలాడేవి 235/70 ఆర్ 16. పక్కపక్కన పెడితే తప్ప కంటికి తెలియదు. ఇంటికొచ్చి లెక్కేశాను, చుట్టుకొలతలో 44 మిల్లీమీటర్ల తేడా. అంటే కిలోమీటరుకి ముందు చక్రం వెనక దానికంటే సుమారు 8 చుట్లు ఎక్కువ తిరగాలి. మలుపు సంగతి అలా ఉంచండి, తిన్నగా పోతున్నా సరే ఆ రెండు షాఫ్టులూ ఒకదాన్నొకటి పీక్కుంటూనే ఉన్నాయన్నమాట. టూ హెచ్‌లో అయితే దీనివల్ల ఇంత నష్టం ఉండేది కాదు. నేను ఆరు వారాలు ఫోర్ హెచ్‌లో పెట్టి తిప్పాను.

ట్రాన్స్‌ఫర్ కేసు విప్పితే చైను సాగిపోయింది, బేరింగు పోయింది, ఆయిల్ పాల టీ రంగులో ఉంది. అంటే నీళ్ళు చేరాయి. "నీళ్ళలోకి దిగని బండి" అని అమ్మినాయన ఒట్టేసినంత పని చేశాడు. దానికి 40 వేలు, నాలుగు టైర్లూ ఒకే కంపెనీ, ఒకే సైజు వేయడానికి 38 వేలు. యార్డుకి ఫోన్ చేస్తే "మీరెలా తోలారో మాకేం తెలుసండీ" అన్నాడు. ఫోర్ హెచ్‌లో వదిలెయ్యమన్నది మీరే కదా అంటే, నేను అలా అనలేదన్నాడు. కాగితం మీద ఏమీ లేదు, నోటిమాటే.

కాబట్టి బండి చూడ్డానికి వెళ్ళేటప్పుడు యార్డులో సిమెంటు నేల మీద ఫోర్ బై ఫోర్ వేసి గుండ్రంగా తిప్పి చూపిస్తామంటే వద్దనండి, అది పరీక్ష కాదు, బండికి దెబ్బ. మెత్తటి మట్టో ఇసుకో ఉన్నచోటికి తీసుకెళ్ళండి. అక్కడ నిటారుగా పోతూ ఫోర్ హెచ్ వేసి లైటు నిలకడగా వెలుగుతుందా చూడండి, కాసేపు తోలి టూ హెచ్‌కి వస్తే ఆరుతుందా చూడండి. లైటు ఒక్కటే నమ్మకండి, లోపల గేరు మార్చే ఫోర్కు కదిలితే లైటు వెలుగుతుంది, ముందు చక్రాలకి శక్తి వెళుతోందని దానర్థం కాదు. చొక్కా మాసినా ఫరవాలేదు, కిందకి వంగి ముందు చక్రాలకి పోయే ఆ షాఫ్ట్ (ప్రొపెల్లర్ షాఫ్ట్) అసలు ఉందో లేదో చూడండి. రిపేరు తప్పించుకోవడానికి అది విప్పేసి అమ్మేవాళ్ళున్నారు. ఫోర్ ఎల్ అయితే బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో పెట్టి వేయాలి (ఒక్కో బండికి ఒక్కో పద్ధతి, మాన్యువల్ చూడండి), తర్వాత ఫస్ట్ గేరులో క్లచ్చి వదిలితే మనిషి నడకకంటే నెమ్మదిగా పాకాలి. మామూలు వేగంతోనే పోతే అది పడనట్టే. నాలుగు టైర్ల మీదా అంకెలు మీరే చదవండి, అరుగుదల కూడా దగ్గరదగ్గరగా ఉండాలి. ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు డిఫరెన్షియల్ ప్లగ్గులు విప్పించి ఆయిల్ రంగు చూడండి. విప్పనివ్వకపోతే ఆ బండి వదిలెయ్యండి.

ఇప్పుడు నేనెలా వాడుతున్నానంటే, తారు రోడ్డు మీద ఎప్పుడూ టూ హెచ్. గట్టు ఎక్కేముందు, బురద ఇంకా రాకముందే, స్టీరింగ్ నిటారుగా ఉండగా ఫోర్ హెచ్. దిగబడ్డాక చక్రాలు గిర్రున తిరుగుతుండగా వేస్తే ప్రయోజనం లేదు, దెబ్బ కూడా. బాగా ఏటవాలు ఎక్కుడు గానీ, బరువు లాగడం గానీ ఉంటే ఫోర్ ఎల్. మా అత్తారిది సఖినేటిపల్లి, నర్సాపురం రేవులో పంటు (బండ్లని గోదావరి దాటించే పడవ) ఎక్కించేటప్పుడు తడి చెక్కల మీద అది భలే పనికొస్తుంది, క్లచ్చి కాల్చుకోకుండా పాకుతూ పోతుంది. రోడ్డెక్కగానే మళ్ళీ టూ హెచ్. వేసవిలో అవసరం లేకపోయినా నెలకోసారి మట్టిరోడ్డు మీద నాలుగైదు కిలోమీటర్లు ఫోర్ హెచ్‌లో తిప్పుతున్నాను, లేకపోతే ముందు భాగాలకి ఆయిల్ తగలక బిగుసుకుపోతాయట.

ఇంకోటి, ఫోర్ బై ఫోర్ ఉంది కదా అని బ్రేకులు బాగా పడతాయనుకోకండి. బయలుదేరడానికి సాయపడుతుంది గానీ ఆగడానికి కాదు. ముందొక చక్రం, వెనక దానికి ఎదురు మూలలో ఇంకో చక్రం గాల్లోకి లేచాయంటే ఫోర్ బై ఫోర్ బండి కూడా అక్కడే కూలబడుతుంది. రోడ్డు టైర్లయితే మరీను, టైరు గాడుల నిండా నల్లమట్టి పట్టి కొబ్బరిబొండాంలా నున్నగా అయిపోతాయి.

నిజం చెప్పాలంటే మీలో సగంమందికి ఇది అక్కర్లేదు కూడా. ఖాళీ పికప్ వెనక తేలిగ్గా ఉండి జారుతుంది, అదే వెనక పది మేత బస్తాలు వేస్తే పావు టన్ను బరువు పడి మామూలు బండే చాలా గట్లు దాటేస్తుంది. నా పాత బండి ఇంకా మా తమ్ముడి దగ్గరుంది, ఈ ఏడాది రెండుసార్లే దిగబడింది.

మొన్న ఆ యార్డు ముందు నుంచే వచ్చాను. నిలబెట్టిన బండ్లలో ఇంకో తెల్ల ఫోర్ బై ఫోర్ ఉంది, ముందు రెండు టైర్లు మాత్రం కొత్తవి. మీలో ఎవరైనా దాన్ని చూడ్డానికి వెళుతుంటే ఆదివారం పెట్టుకోండి, నేనూ వస్తాను, టార్చిలైటూ పాత గోనెసంచీ తెస్తాను కింద పడుకుని చూడ్డానికి.