క్లాసు పని చెప్పడానికి కార్డా, డయాగ్రమా?

కొత్తగా ప్రోగ్రామ్ డిజైన్ నేర్చుకుంటున్నవాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది: క్లాసు (సమాచారాన్నీ, దానితో చేసే పనులనూ కలిపి రాసే కోడ్ భాగం) ఎందుకుందో, ఏమి చేస్తుందో తేల్చుకోవడానికి యూఎంఎల్ క్లాస్ డయాగ్రమ్ (క్లాసులను పెట్టెలుగా, వాటి సంబంధాలను గీతలుగా చూపే బొమ్మ) గీయాలా, సీఆర్‌సీ కార్డులు (క్లాసుకొకటి చొప్పున దాని బాధ్యతలు, సహాయకులు రాసుకునే అట్టముక్కలు) సరిపోతాయా? నేను కార్డుల పక్షం.

ఈమధ్య చీటీల లెక్కల ప్రోగ్రామ్ మొదలుపెట్టి ముందు డయాగ్రమే గీశాను. సభ్యుడు, చీటీ, పాట, వాయిదా. పెట్టెలూ బాణాలూ ముచ్చటగా కుదిరాయి. వీటన్నిటినీ నడిపే ‘చీటీ మేనేజర్’ పెట్టెలో 14 మెథడ్లు (క్లాసు చేసే పనులు) ఉన్నా కంటికి నలుసుగా అనిపించలేదు. డయాగ్రమ్‌లో పెట్టె ఎంత కావాలంటే అంత సాగుతుంది మరి.

కార్డు మీదికి ఎక్కించబోతే బండారం బయటపడింది. కెంట్ బెక్, వార్డ్ కనింగ్‌హామ్ అనే ప్రోగ్రామర్లు 1989లో ఈ పద్ధతిని పరిచయం చేసినప్పుడు వాడింది 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు ఉన్న అట్టముక్క. పైన క్లాసు పేరు, ఎడమవైపు బాధ్యతలు, కుడివైపు సహాయపడే క్లాసులు. మేనేజర్ బాధ్యతలు అందులో సగం కూడా పట్టలేదు. దాని పని ఒక్క వాక్యంలో చెబుదామంటే ‘ఇంకా’, ‘అలాగే’ అంటూ సాగుతూనే ఉంది.

స్నేహితుడూ నేనూ చెరో రెండు కార్డులు పట్టుకుని ఒక నెల పాట నడిపాం. లక్ష రూపాయల చీటీ, 20 మంది, నెలకు 5,000. ఒకరు 20,000 వదులుకుంటామని పాడారు. కమిషన్ 5,000 పోగా మిగిలిన 15,000 తలా 750 డివిడెండ్‌గా వస్తుంది. పంచేది ఎవరు? పాట కార్డు పట్టుకున్న స్నేహితుడు తానేనని చెప్పబోయి ఆగిపోయాడు. తగ్గింపు అతని దగ్గరుంది కానీ, కమిషన్ శాతం, సభ్యుల సంఖ్య చీటీ దగ్గరున్నాయి. చివరికి పాట తగ్గింపు చెబుతుంది, చీటీ డివిడెండ్ కడుతుంది, వాయిదా తన 5,000ను 4,250 చేసుకుంటుంది. మేనేజర్ కార్డును ఎవరూ పిలవనే లేదు. చించేశాను.

డయాగ్రమ్ దండగని కాదు. ఒక సభ్యుడికి ఎన్ని చీటీలు ఉండవచ్చో, ఏ క్లాసు దేని నుంచి పుట్టిందో చూపాలంటే దాన్ని మించింది లేదు. 1997లో ఓఎంజీ అనే ప్రమాణాల సంస్థ ఆమోదించిన గుర్తులు కాబట్టి ఏ ఆఫీసులోనైనా చదవగలరు. కానీ క్లాస్ డయాగ్రమ్ చుట్టరికాలు చెబుతుంది, నడవడి చెప్పదు. నడవడికి, ఎవరు ఎవరిని ఏ వరుసలో పిలుస్తారో చూపే సీక్వెన్స్ డయాగ్రమ్ ఉంది, ఓపిక ఉన్నవాళ్లు గీసుకోవచ్చు.

జావాడాక్ వ్యాఖ్యలు మూడో దారి. జావా కోడ్‌లో రాసిన ఈ వివరణల నుంచి జావాడాక్ అనే పరికరం పత్రాలు తయారుచేస్తుంది. అవి కోడ్ పక్కనే ఉంటాయి కానీ, ఎక్కువమంది రాసేది క్లాసు పూర్తయ్యాకే. నేనైతే చీటీ కార్డు మీది వాక్యాన్నే అక్కడ మొదటి వాక్యంగా పెట్టాను. సారాంశ పట్టికలోకి జావాడాక్ ఎత్తుకునేది దాన్నే.