హిప్నోథెరపీ: ఇంగ్లండులోనే మేలా, నెల్లూరు నుంచి ఆన్‌లైన్‌లో మేలా?

ఇంగ్లండులోని లెస్టర్ నుంచి మా నెల్లూరు జిల్లా కావలి వచ్చేసి రెండేళ్లవుతోంది. ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. పిల్లల్ని ఇంగ్లండుకు చదువుకు పంపిన తల్లిదండ్రులు, అక్కడ గోడౌన్లలో నైట్ షిఫ్టులు చేసే కుర్రాళ్లు. ‘‘అన్నా, సిగరెట్ మానడానికి హిప్నోథెరపీ తీసుకున్నావంట కదా! అక్కడే చూపించుకుంటే మేలా, మనోళ్ల దగ్గర ఆన్‌లైన్‌లో మేలా?’’ రెండూ చూసినవాణ్ని కాబట్టి అందరికీ కలిపి ఒక్కసారే రాస్తున్నాను. హిప్నోథెరపీ అంటే మనసును నెమ్మదింపజేసి, మాటలతో లోపలి అలవాటును మార్చే చికిత్స.

ముందు లెస్టర్‌లోనే ఒక హిప్నోథెరపిస్టు దగ్గరికి వెళ్లాను. గంటకు 75 పౌండ్లు, నాలుగు సిట్టింగులు. ఆమె చాలా ఓపికున్న మనిషి, పని తెలిసినావిడ. కళ్లు మూసుకోమని, పది మెట్లు దిగుతున్నట్టు ఊహించుకోమనేది. కింద తోట, తోటలో లావెండర్ వాసన. పొద్దంతా ఇంగ్లిష్‌లోనే పనిచేసేవాణ్ని, ఆమె మాట ఒక్కటీ అర్థం కాకుండా పోలేదు. కానీ లావెండర్ వాసన నాకు సబ్బులో తప్ప తెలియదు. అదెలా ఉంటుందా అని వెతుక్కుంటుంటే ఆమె ఆరో మెట్టు దాటిపోయేది. అర్థం కావడం వేరు, మాట లోపలికి దిగడం వేరు.

ఇంకో సంగతి. రాత్రి అమ్మతో ఫోన్ మాట్లాడాక తప్పకుండా ఒక సిగరెట్ కాలుస్తానని చెబితే, ‘‘మీ అమ్మగారితో ఏమైనా గొడవలున్నాయా?’’ అని అడిగింది. లేవని, సంగతి వేరని వివరించేసరికే ఆ సిట్టింగ్ అయిపోయింది.

తర్వాత నెల్లూరులో ఒక సైకాలజిస్టు దగ్గర ఆన్‌లైన్‌లో, తెలుగులో మొదలుపెట్టాను. మొదటి రోజు ఆయన కళ్లు మూయించనే లేదు. ‘‘రోజుకు ఎన్ని?’’ అన్నారు. పన్నెండు అన్నాను. ‘‘ఆ పన్నెండులో ఏది మానలేవు?’’ అన్నారు. అదే ఫోన్ సంగతి చెప్పాను. అమ్మ ‘‘తిన్నావా నాయనా?’’ అంటుంది. తినకపోయినా ‘‘తిన్నానమ్మా’’ అంటాను. ఫోన్ పెట్టేసి, జాకెట్ వేసుకుని, ఇంటి వెనక చెత్తడబ్బాల పక్కన చలిలో నిలబడి వెలిగిస్తాను. ఆయన ఎందుకని అడగలేదు. ‘‘ఆ ఒక్కదాని మీదే పని చేద్దాం’’ అన్నారు.

రెండో సిట్టింగులో చెప్పిన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. ‘‘మైపాడు బీచ్‌లో నిలబడి ఉన్నావు. కెరటం వెనక్కి పోయేటప్పుడు పాదాల కింద ఇసుక జారుతుంది చూడు, అట్లా ఈ కోరిక జారిపోతోంది. నువ్వు నిలబడే ఉన్నావు.’’ ఆ ఇసుకను నేను ఊహించుకోనక్కర్లేదు, నా కాళ్లకే తెలుసు. అందుకే ఎవరడిగినా ముందు భాష గురించే చెబుతాను. మీకు మీరు ధైర్యం చెప్పుకునేది, తిట్టుకునేది ఏ భాషలోనో, సజెషన్ (సిట్టింగులో మనసుకు చెప్పే మాట) కూడా ఆ భాషలోనే పడాలి. డిగ్రీలు సమానంగా ఉన్నప్పుడు నా ఓటు తెలుగుకే.

అయితే హిప్నోథెరపీ ఒక్కటే మాన్పించిందని నేను చెప్పను. సిగరెట్ మానడంలో ఇది మిగతా పద్ధతుల కంటే మెరుగని చెప్పడానికి తగిన ఆధారం లేదని 2019లో కోక్రేన్ సమీక్ష (వైద్య పరిశోధనలన్నీ కలిపి పరిశీలించేది) తేల్చింది. నేను నికోటిన్ గమ్ కూడా నమిలాను. మానిన మొదటి మూడు నాలుగు రోజులు ఒళ్లంతా చిరాకు. ఆ రోజుల్లో గమ్మే కాపాడింది, సిట్టింగులు పనికొచ్చింది తర్వాతి వారాల్లో. అక్కడ ఎన్‌హెచ్‌ఎస్ (బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ) వాళ్ల సిగరెట్ మాన్పించే సేవ ఉచితం, దాన్ని వదులుకోవద్దు. టెన్షన్ కడుపు మీద పడి ఐబీఎస్‌తో (తరచూ కడుపునొప్పి, విరేచనాలు లేదా మలబద్ధకం) బాధపడేవాళ్ల సంగతి వేరు. ఏడాది పాటు మందులు వాడినా తగ్గకపోతే హిప్నోథెరపీని పరిశీలించమని బ్రిటన్‌లో ఏ చికిత్స ఎప్పుడు వాడాలో చెప్పే నైస్ సంస్థ మార్గదర్శకాలే చెబుతున్నాయి. మీది ఆ బాధ అయితే ముందు మీ జీపీని (ఫ్యామిలీ డాక్టర్ని) అడగండి.

మనిషిని ఎంచుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త. బ్రిటన్‌లో హిప్నోథెరపిస్టునని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. మన దగ్గర క్లినికల్ సైకాలజిస్టు అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్, అక్కడి సైకాలజిస్టు అయితే హెచ్‌సీపీసీ (ఆరోగ్య వృత్తులవాళ్లను నమోదు చేసే సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందేమో చూడండి. ఒక్క సిట్టింగులో మాన్పిస్తాననేవాళ్లను, పది సిట్టింగుల డబ్బు ముందే కట్టమనేవాళ్లను నమ్మొద్దు. అట్లా కట్టి నేను ఒకసారి పోగొట్టుకున్నాను. లేనివి వినబడుతున్నా, కనబడుతున్నా ఇవన్నీ పక్కన పెట్టి నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఆన్‌లైన్‌లో మధ్యలో నెట్ పోతే అట్లాగే ఉండిపోతామేమో అని చాలామందికి భయం. అట్లా ఏమీ కాదు, కాసేపటికి మీరే కళ్లు తెరుస్తారు. టైమ్ తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి, చలికాలం ఐదున్నర గంటలు, ఎండాకాలం నాలుగున్నర. ఇక ఫోన్ యాప్‌లు, యూట్యూబ్ రికార్డింగులు నిద్ర పట్టడానికి సరిపోతాయి, అంతవరకే. వాటిని వింటూ కారు నడపొద్దు.

మా అక్క కూతురు అక్కడే పుట్టి పెరిగింది. పరీక్షల టెన్షన్‌తో రక్తం వచ్చేదాకా గోళ్లు కొరుక్కునేది. ‘‘మీ నెల్లూరాయన నంబరు ఇవ్వరా’’ అని అక్క అడిగితే వద్దన్నాను. ఆ పిల్లకు కోపం వచ్చినా, ఏడుపొచ్చినా ఇంగ్లిషే. లెస్టర్‌లో ఆమె దగ్గరికే పంపించాం. లావెండర్ అంటే ఆ పిల్లకు వాళ్లింటి వాకిట్లో మొక్క.