భువనేశ్వర్ వండర్లాకు కుటుంబంతో వెళ్తే బస ఎక్కడ: హోటల్ గదిలోనా, గుడారంలోనా?

శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు పెద్ద థీమ్ పార్కు అంటే మొన్నమొన్నటి వరకు హైదరాబాదే. 2024 మే నెలలో ఒడిశాలోని ఖుర్దా జిల్లా కుంభారబస్తా దగ్గర సుమారు 50 ఎకరాల్లో వండర్లా తెరుచుకున్నాక ఆ లెక్క మారింది. అదే ఏడాది మార్చిలో మొదలైన విశాఖపట్నం-భువనేశ్వర్ వందే భారత్ విజయనగరంలోను, ఆమదాలవలసలో ఉన్న మన శ్రీకాకుళం రోడ్డు స్టేషనులోను, పలాసలోను ఆగుతుంది కనుక పెద్దవాళ్లను, పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లడం తేలికైంది. పార్కులోని ఆటల గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు; బస గురించి చెప్పేవాళ్లే తక్కువ. బెంగళూరు వండర్లాకు సొంత రిసార్టు ఉంది గాని, మేము వెళ్లినప్పుడు ఇక్కడ ఆవరణలో అటువంటిది లేదు. అందువల్ల నగరంలో స్టేషనుకు దగ్గరగా ఉన్న ఒక మధ్యతరగతి హోటల్లోను, ఖుర్దా వైపు ఊరికి దూరంగా ఉన్న ఒక ప్రైవేటు గుడారాల క్యాంపులోను బస చేశాము. రెండింటినీ పార్కు రోజు అవసరాలతోనే తూచి చూశాను.

నీటి ఆటలకు నూలు బట్టలు పనికిరావు, నైలాన్ వంటి బట్టలే వేసుకోవాలి. పిల్లలు పూటంతా ఆ తడిలోనే గడిపి, సాయంత్రానికి కళ్లు ఎర్రబడి, ఆకలితో నడవలేని స్థితిలో బయటికి వస్తారు. బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర రైలుతోనే సరి. అటువంటి సాయంత్రం కుటుంబానికి కావలసినవి వేడినీళ్లు, త్వరగా దొరికే అన్నం, తడి బట్టలు ఆరవేసుకునే చోటు, నిద్ర.

హోటల్లో ఇవన్నీ దొరికాయి. గీజరు ఉంది, లిఫ్టు ఉండటం వల్ల మా అత్తగారికి మోకాళ్ల బాధ తప్పింది, బట్టలు ఫ్యాను కింద తెల్లారేసరికి ఆరిపోయాయి. లోపాలూ లేకపోలేదు. అదనపు పరుపుకు విడిగా డబ్బు తీసుకుని దుప్పటంత పలచని దానిని వేశారు. పిల్లలకు టిఫిన్ కలిసే ఉందని ఫోనులో చెప్పి, బిల్లులో మాత్రం విడిగా రాశారు. అన్నిటికంటే ముఖ్యంగా అడగవలసింది చెకవుట్ సంగతి. మన వైపు నుంచి వందే భారత్ భువనేశ్వర్ చేరేది రాత్రి పూట. మధ్యాహ్నం పన్నెండుకు గది ఖాళీ చేయాలనే హోటలైతే పార్కు నుంచి వచ్చాక స్నానానికి గది ఉండదు, లేదా రెండో రోజు అద్దె కట్టాలి. దిగినప్పటి నుంచి 24 గంటలు లెక్కించే లాడ్జీలు మనకు కొత్త కావు. అక్కడ కూడా అటువంటివి ఉన్నాయేమో ఫోనులోనే కనుక్కుంటే ఒక పూట అద్దె మిగులుతుంది.

గుడారాల క్యాంపు చూడటానికి చక్కగా ఉంది. మామిడిచెట్ల కింద వరుసగా గుడారాలు, మధ్యలో చలిమంట. పిల్లలు హోటల్ గదిని మరిచిపోయారు గాని ఆ మంటను మాత్రం ఇప్పటికీ తలుచుకుంటున్నారు. అయితే అద్దె తలకింత చొప్పున, భోజనంతో కలిపి వసూలు చేయడం వల్ల మొత్తం ఖర్చు హోటల్ కంటే తక్కువేమీ కాలేదు. మరుగుదొడ్లు అందరికీ ఉమ్మడివి, వేడినీళ్లు బకెట్లతో మోసి తెచ్చేవి, రాత్రి భోజనం పిల్లలు నిద్రపోయాక గాని రాలేదు. మంచుకు తాడు మీది బట్టలు ఉదయానికి ఇంకా తడిగా ఉన్నాయి. పైగా తిరుగు వందే భారత్ తెల్లవారుజామునే బయలుదేరుతుంది. ఊరి బయట గుడారంలో పడుకుని, ఆ వేళకు కారు మాట్లాడుకుని, పిల్లలను లేపి స్టేషను చేరడం సాధ్యమే గాని దానిని సెలవు అనలేము.

థీమ్ పార్కుకు వెళ్లేటప్పుడు గుడారమే చవక అనే సలహా అమెరికాలో నిజం కావచ్చు. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో 1971 నుంచి ఫోర్ట్ విల్డర్‌నెస్ అనే క్యాంపు ఉంది. గుడారం వేసుకునే స్థలానికే నీళ్లు, కరెంటు వస్తాయి, పార్కుకు పడవ కూడా ఉంటుంది. మన దగ్గర గుడారం చవక బస కాదు, అదే ఒక వినోదం. కనుక దానికి వేరే రోజు కేటాయించాలి. చలికాలంలో మాత్రమే ఒడిశా పర్యాటక శాఖ కోణార్క్ దగ్గర రామచండీ తీరంలో ఎకో రిట్రీట్ పేరుతో గుడారాలు ఏర్పాటు చేస్తుంది. సూర్యదేవాలయం చూసి అక్కడ రాత్రి గడపవచ్చు. ధర మాత్రం మంచి హోటల్ స్థాయిలోనే ఉంటుంది. దసరా సెలవుల్లో గుడారం మాట తలపెట్టకపోవడమే మేలు: 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరితోటలను ఏం చేసిందో చూసినవాళ్లకు కారణం చెప్పనక్కర్లేదు.

పార్కు కోసమే వెళ్లేవాళ్లు, ముఖ్యంగా అరవై దాటినవారిని, అయిదేళ్లలోపు పిల్లలను తీసుకెళ్లేవాళ్లు స్టేషను దగ్గరి హోటల్నే ఎంచుకోవాలని నా అభిప్రాయం; సాయంత్రం తిరిగివచ్చే బండికి కిరాయి ఉదయమే మాట్లాడుకోవాలి. పిల్లలు పదేళ్లు దాటి, సొంత కారుంటే క్యాంపు బాగుంటుంది, అదీ పార్కు ముగిశాక మరునాడు. బుక్ చేసే ముందు ఎన్ని గుడారాలకు ఎన్ని మరుగుదొడ్లో, రాత్రంతా జనరేటరు నడుస్తుందో లేదో అడగండి.