వాషింగ్టన్–ఫ్రాంక్లిన్ కాయిల్ స్టాంపులు: సింగిలా, జంటా, లైన్ పెయిరా, ఏది మేలు?

వాషింగ్టన్, ఫ్రాంక్లిన్ బొమ్మలతో 1908 నుంచి వచ్చిన అమెరికా తపాలా స్టాంపుల్లో, చుట్టలుగా అమ్మినవి కాయిల్ స్టాంపులు. వీటిని ఒక్కొక్కటిగా (సింగిల్), విడదీయని రెండుగా (జంట), లేదా మధ్య గీత ఉన్న జంటగా (లైన్ పెయిర్) కొనవచ్చు. పెర్ఫరేషన్ 12 (2 సెం.మీ.కు 12 కన్నాల గేజ్) ఉన్న ఫ్లాట్ ప్లేట్ (చదునైన ప్లేటుతో అచ్చేసిన) కాయిల్ స్టాంపును సింగిల్‌గా కొనకండి. 1908 నుంచి 1911 దాకా వచ్చిన ఈ స్టాంపుల్లో నకిలీ చేయడానికి ఇంతకంటే సులువైనది లేదు. కాయిల్ స్టాంపుకు ఎదురెదురు రెండు వైపులే కన్నాలుంటాయి, మిగతా రెండు వైపులూ నున్నగా కోసి ఉంటాయి. అదే బొమ్మ, అవే కన్నాలతో మామూలు షీటు స్టాంపు కూడా అప్పుడే వచ్చింది. అంచులు వెడల్పుగా ఉన్న షీటు స్టాంపుకు రెండు వైపులా కత్తెర వేస్తే కాయిల్ తయారు. రెండో దారి: వెండింగ్ మెషీన్ కంపెనీల కోసం అమ్మిన కన్నాలు లేని షీట్ల స్టాంపులకు రెండు వైపులా కన్నాలు పొడవడం.

జంట కొంటే ఈ రెండు మోసాలూ కొంత బయటపడతాయి. కత్తిరించిన అంచు రెండు స్టాంపుల పొడవునా నిటారుగా, ఎదుటి అంచుకు సమాంతరంగా రావాలి. అది చేతితో అంత తేలిక కాదు. కన్నాలు పొడిచిన జంటలోనైతే మూడు వరుసలూ ఒకే గేజ్‌కు కుదరాలి. గేజ్‌తో కొలిచి ఊరుకోకుండా, అదే గేజ్ ఉన్న చవక అసలు స్టాంపును పక్కన పెట్టి కన్నాల పరిమాణం, ఎడం పోల్చండి. కొత్తగా పొడిచిన కన్నాలు తరచుగా మరీ శుభ్రంగా, గుండ్రంగా కనిపిస్తాయి. అయినా ఈ కాలపు ఖరీదైన జంటను సర్టిఫికెట్ లేకుండా తీసుకోవద్దు. న్యూయార్క్‌లోని ఫిలాటెలిక్ ఫౌండేషన్, అమెరికన్ ఫిలాటెలిక్ సొసైటీ పరీక్షించి ఇస్తాయి. 1911 నాటి 3 సెంట్ల ఆరెంజ్‌బర్గ్ కాయిల్ (న్యూయార్క్ రాష్ట్రంలోని ఆ ఊరి పేరుతో పిలిచే అరుదైన స్టాంపు) వంటి దానికైతే సర్టిఫికెట్ లేకపోతే ఆ మాటే ఎత్తకూడదు.

1910 చివరి నుంచి పెర్ఫరేషన్ 8½ కాయిల్స్ వచ్చాయి. ఆ గేజ్‌లో షీటు స్టాంపులు లేవు కాబట్టి కత్తెర మోసం పనిచేయదు, కన్నాలు పొడిచే మోసం ఒక్కటే మిగులుతుంది. ఇక్కడా జంటే నయం.

1914 నుంచి రోటరీ ప్రెస్ (తిరిగే సిలిండర్‌తో అచ్చేసే యంత్రం) వచ్చాక లెక్క మారుతుంది. చదునైన ప్లేటును సిలిండర్‌కు సరిపడా వంచినప్పుడు, వంపు దిశలో బొమ్మ సాగుతుంది. అందుకే పక్కలకు చుట్టే (స్టాంపులు పక్కపక్కనే ఉండే) కాయిల్‌లో బొమ్మ వెడల్పు 19½–20 మి.మీ. ఉంటుంది, ఫ్లాట్ ప్లేట్‌లో 18½–19 మి.మీ. మాత్రమే. నిలువుగా చుట్టే కాయిల్‌లో ఎత్తు 22కు బదులు 22½–23 మి.మీ. అవుతుంది. అంచులు వదిలేసి, బొమ్మ చట్రాన్నే స్కేలుతో కొలవండి. పక్కలకు చుట్టే పెర్ఫరేషన్ 10 రోటరీ కాయిల్‌ను ఈ కొలతతో ఫ్లాట్ ప్లేట్ స్టాంపు నుంచి విడదీయవచ్చు, కాబట్టి చవక విలువలకు సింగిల్ చాలు. వాటర్‌మార్క్ (కాగితంలోనే ఉండే మసక గుర్తు) చూడటం మాత్రం మరవకండి: 1916 తర్వాతి కాగితంలో అది ఉండదు, ధరలో తేడా చాలా రావచ్చు. నల్లటి పళ్లెంలో స్టాంపును బోర్లా పెట్టి వాటర్‌మార్క్ ద్రవం నాలుగు చుక్కలు వేస్తే చాలు.

లైన్ పెయిర్ విషయానికొస్తే, ఫ్లాట్ ప్లేట్‌లో ఆ గీత షీటు మధ్య వేసిన గైడ్ లైన్ (కొలతకు దారి చూపే గీత). రోటరీలో రెండు వంపు ప్లేట్లు కలిసే సందులో సిరా చేరి పడిన గీత. పక్కలకు చుట్టే 170 స్టాంపుల ప్లేట్లలో ఇది ప్రతి 17 స్టాంపులకు ఒకసారి వస్తుంది. కాబట్టి లైన్ పెయిర్ మామూలు జంటకు కొన్ని రెట్ల ధర పలుకుతుంది, ఖరీదైన వాషింగ్టన్ కాయిల్స్‌లో ఆ భారం ఎక్కువ. మొదలుపెట్టేవారికి నా సలహా: లైన్ పెయిర్ల సరదా 1939 ప్రెసిడెన్షియల్ (అమెరికా అధ్యక్షుల బొమ్మలున్న వరుస) కాయిల్స్‌తో తీర్చుకోండి. మొత్తం 13 స్టాంపులే. షీటు స్టాంపు గేజ్ 11×10½ (పైనా కిందా 11, పక్కల 10½), కాయిల్‌ది 10, అందువల్ల కత్తిరించినవి గేజ్ మీదే దొరికిపోతాయి. గీతను భూతద్దంలో చూడండి: ఇంటాగ్లియో (చెక్కిన ప్లేటు గాళ్లలోంచి అచ్చయ్యే) సిరా కాగితం మీద ఉబ్బి కనిపించాలి, పెన్నుతో గీసినదైతే చదునుగా ఉంటుంది.

జంట ఏదైనా కొనేముందు వెనక్కి తిప్పండి. మధ్య కన్నాలు చిరిగిపోతే కొందరు హింజ్ (స్టాంపును ఆల్బమ్‌లో అంటించే చిన్న జిగురు కాగితం) అతికించి నిలబెడతారు. అమ్మేవారు దాన్ని చెప్పకపోతే జంట ధర చెల్లించి, విడిపోబోయే రెండు సింగిల్స్‌ను కొన్నట్టే. వాటర్‌మార్క్ ద్రవంలో పెట్టినప్పుడు ఆ హింజ్ స్పష్టంగా కనిపిస్తుంది.