తొలి కెమెరాగా కెనాన్ 1500డీ

ఫొటోగ్రఫీని పద్ధతిగా నేర్చుకోవాలన్న కోరికతో నేను కొన్న కెనాన్ ఈఓఎస్ 1500డీ, 2018లో విడుదలైన ప్రారంభస్థాయి డీఎస్ఎల్ఆర్ (లోపలి అద్దం ద్వారా దృశ్యాన్ని చూపే, లెన్సులు మార్చుకోగల కెమెరా). ఇందులోని 24.1 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ పరిమాణపు సెన్సర్ (వెలుతురును చిత్రంగా మార్చే చిప్) ఫోన్లలో ఉండే సెన్సర్ల కంటే ఎన్నో రెట్లు పెద్దది కాబట్టి, పగటి వెలుగులో తీసిన చిత్రాలు నిండుగా వస్తాయి. మా పెరట్లోని మందారాన్ని కెమెరాతో పాటు వచ్చిన 18-55 మిల్లీమీటర్ల జూమ్ లెన్సుతో దగ్గరగా తీసినప్పుడు, కేసరాల చివర పుప్పొడి చుక్కలు విడివిడిగా కనిపించి, వెనకనున్న పిట్టగోడ మెత్తగా మసకబారింది; ఆ చిత్రాన్ని నేను ఇప్పటికీ ఇష్టంగా చూసుకుంటాను.

పూజగదిలో దీపం వెలుగుకు మాత్రం ఈ లెన్సు చాలదు. పూర్తిగా జూమ్ చేసిన 55 మిల్లీమీటర్ల దగ్గర దీని అపెర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు; ఎఫ్ పక్కనున్న అంకె తగ్గేకొద్దీ ఆ రంధ్రం పెద్దదవుతుంది. అదే 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్సు దాదాపు పది రెట్ల వెలుతురును లోపలికి రానిస్తుంది. అందువల్ల ఖరీదైన బ్యాగు, ఫిల్టర్ల మీద పెట్టే డబ్బును దాచి, రెండో లెన్సుగా దానినే కొనుక్కోమని నా సలహా.

సెకనుకు మూడు చిత్రాలే తీస్తుంది కనుక పరుగెత్తే పిల్లలను తీయడానికి ఓపిక కావాలి. తెరను కాకుండా వ్యూఫైండర్‌ను (కన్ను ఆనించి చూసే చిన్న కిటికీని) వాడితే ఒక్క చార్జింగ్‌తో సుమారు 500 చిత్రాలు తీయవచ్చు.