ఆ 200-500 లెన్స్ మళ్లీ అమ్మకానికి పెట్టినారు, జాగ్రత్త

నెల్లూరు, కావలి, ఒంగోలు సైడ్ పక్షుల ఫోటోలు తీసే అన్నలకీ తమ్ముళ్లకీ ఒక మాట. సెకండ్ హ్యాండ్ నికాన్ 200-500 లెన్స్ (దూరంగా ఉండే పక్షుల్ని దగ్గరగా చూపించే పెద్ద జూమ్ లెన్స్) ఒకటి మళ్లీ అమ్మకానికి వచ్చింది, "మింట్ కండిషన్, సింగిల్ ఓనర్, ఒక్క గీత లేదు" అని రాసి పెట్టినారు, ఫోటోలు కూడా అవే పాతవే. ఆ లెన్స్ నేను కొని చూసి వెనక్కి పంపించిందే. లోపల గాజు మీద ఫంగస్, అంటే బూజు ఉంది, ఫ్రేమ్ లో కుడిపక్కంతా షార్ప్ నెస్ లేదు. దయచేసి ఎవరూ అడ్వాన్స్ కొట్టబాకండి, ముందు ఇది మొత్తం చదవండి, కొంచెం పెద్దదే.

షాపు పేరు రాయడం లేదు, కంప్లయింట్ ఇంకా నడస్తా ఉంది కాబట్టి. మన ఊర్లోది కాదు, పెద్ద సిటీలోది, బోర్డు, జీఎస్టీ బిల్లు అన్నీ ఉన్న షాపే. అందుకే ఇంకా జాగ్రత్త అంటున్నా, రోడ్డు పక్క పెట్టుకుని అమ్మేవాడైతే ఎవరైనా అనుమానపడతారు. ఇంకోటి, లెన్స్ కంపెనీని అనేదేం లేదు, 200-500 ఆ రేటుకి చాలా మంచి లెన్స్, మా ఫ్రెండ్ దగ్గర ఉండేది 2016 నుంచి వాడతా ఉన్నాడు, ఇప్పటికీ కత్తిలా ఉంది.

నేను రీలు కెమెరా కాలం నుంచి ఈ పిచ్చిలో ఉన్నోణ్ణి. 36 ఫ్రేములు అయిపోయినాక రోల్ కడిగించుకొని ప్రింట్లు వచ్చిందాకా ఆత్రం పట్టలేక ల్యాబ్ కాడే కూర్చునేవాళ్లం, ఇప్పటి పిల్లలకి చెప్తే నవ్వుతారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, కొత్తోడు కాబట్టి మోసపోయినాడు అని ఎవరూ అనుకోబాకండి. అడగాల్సినవన్నీ అడిగినా. లైవ్ లో చూపించమంటే వీడియో కాల్ లో చూపించినారు, లెన్స్ నాలుగు పక్కలా తిప్పి, ముందు గాజు కూడా చూపించినారు. షాపులో ట్యూబ్ లైటు కింద, ముందు నుంచి చూస్తే ఏ లెన్స్ అయినా కొత్త పెళ్లికూతురు మాదిరే ఉంటది. వెనక నుంచి టార్చ్ కొట్టమన్నా. "బయట కస్టమర్లు ఉన్నారు సార్, మీకు 7 రోజులు చెకింగ్ టైం ఇస్తున్నాం గదా, నచ్చకపోతే డబ్బులు వాపస్" అన్నాడు. ఆ 7 రోజుల మాట బిల్లు మీద రాయించి పంపితేనే డబ్బులేస్తా అన్నా, రాసి పంపించినాడు. ఆ ఒక్క లైనే ఇప్పుడు నా చేతిలో ఉండే ఆయుధం.

టైమింగ్ కూడా చూడండి వాళ్లది. అక్టోబర్ దాటి మన సైడ్ వానలు పడి చెరువులు నిండితే నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు గూళ్లు కట్టడం మొదలు, ఆ తర్వాత పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు, జనవరి వస్తే సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ హడావిడి. (నేలపట్టుని 2022లో తిరుపతి జిల్లాలో కలిపినారు గానీ, మాకైతే అది నెల్లూరిదే, పేపర్లో ఎట్ట రాసుకున్నా.) సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద నిలబడితే పక్షులు రెండు పక్కలా కనపడతాయి, కాకపోతే దూరం, అంతకంటే చిన్న 300 లెన్స్ తో తీస్తే గులాబీ చుక్కలు వస్తాయి అంతే. అందుకని సరిగ్గా ఆ సీజన్ కి ముందు అందరూ లాంగ్ లెన్స్ కోసం ఎగబడతారు, ఈళ్లు కూడా సరిగ్గా అప్పుడే పోస్టులు పెడతారు, "ఇంకో ఇద్దరు అడగతా ఉన్నారు సార్, సాయంత్రం లోపల చెప్పండి" అని తొందరపెడతారు. ఆ మాట వింటే ఫోన్ పెట్టేయండి, అంతకంటే మంచి సలహా లేదు నా దగ్గర.

సరే, బస్సులో పార్సిల్ వచ్చింది. ఓపెన్ చేసేటప్పుడు మా వాడి చేత వీడియో తీయించినా, సీల్ కట్ చేసిన కాడి నుంచి టార్చ్ కొట్టి చూసిందాకా కట్ లేకుండా ఒకే వీడియో. లెన్స్ రెండు క్యాపులూ తీసి, గదిలో లైట్లు ఆర్పేసి, మౌంట్ (కెమెరాకి బిగించే చివర) పక్క నుంచి ఫోన్ టార్చ్ కొంచెం ఏటవాలుగా పట్టి ముందు నుంచి చూసినా. మధ్యలో ఏం లేదు. టార్చ్ అంచుకి జరిపేసరికి కనపడింది, ముందు నుంచి రెండో మూడో గాజు మీద, సన్నటి తెల్లటి పోగులు, వేరు మాదిరి మొదలై కొమ్మలు కొమ్మలుగా చీలి, దాని పక్కన ఇంకోటి. ఇంకో పక్క గాజు మీద గుండ్రంగా మసక, ఎవరో లోపల తుడిచినట్టు. మౌంట్ తిప్పి చూస్తే స్క్రూల తలలు రెండు అరిగిపోయుండాయి, అంటే విప్పినారు, తుడిచినారు, బిగించినారు. "ఎప్పుడూ ఓపెన్ చెయ్యలేదు సార్" అన్న లెన్స్ అది.

అయినా పెట్టి చూద్దాం అని తెల్లారుజామునే నేలపట్టు పోయినా. వాచ్ టవర్ మీద నుంచి గూడబాతు గూడు, ఎండ పక్షి వెనక నుంచి వస్తా ఉంది. తెల్ల ఈకల అంచు చుట్టూ పొగ కమ్మినట్టు వచ్చింది, నలుపు నలుపుగా లేదు, బూడిద రంగు. మంచు అనుకుని ఎండ ఎక్కిందాకా ఆగినా, అదే కథ. పక్కనోళ్ల లెన్స్ తో అదే పక్షి అదే టైంలో బ్రహ్మాండంగా వస్తా ఉంది. ఇంకోటి, పక్షిని ఫ్రేమ్ లో ఎడమ పక్క పెడితే ఈక ఈక లెక్కపెట్టొచ్చు, కుడి పక్క పెడితే పిండి ముద్ద. ఇంటికొచ్చి గోడకి పేపర్ అతికించి ట్రైపాడ్ మీద పెట్టి తీస్తే డౌట్ తీరిపోయింది, ఎడమ రెండు మూలలూ చదవొచ్చు, కుడి రెండు మూలలూ అలుక్కుపోయినట్టు. విప్పి మళ్లీ బిగించేటప్పుడు లోపల గాజు సరిగ్గా కూర్చోకపోయినా, లెన్స్ కింద పడినా ఇట్టనే అవతది.

ఫోన్ చేసినా. వీడియో, ఫోటోలు అన్నీ పంపించినా. అవతల ఓనరు ఏమన్నాడో తెలుసా, "నెల్లూరు సముద్రం పక్కన గదా సార్, మీ ఊర్లో తేమ ఎక్కువ, ఫంగస్ మీ ఇంట్లోనే పట్టుంటది." పార్సిల్ కట్ చేసిన నిమిషంలోనే టార్చ్ వీడియో ఉందయ్యా అంటే, అయితే బస్సులో పట్టిందేమో అన్నాడు! రాత్రికి రాత్రి బస్సులో అన్ని కొమ్మలేసుకుని పెరిగే ఫంగస్ ని నేనైతే ఎక్కడా చూళ్లేదు. గాలిలో తేమ 60, 70 శాతం పైన చాన్నాళ్లు చీకట్లో మూలన పడేస్తే పట్టే రోగం అది. మా ఇంట్లో ఇరవై ఏళ్ల నాటి లెన్సులు ఉండాయి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, లోపల చిన్న తేమ మీటర్ పెట్టి 40, 50 మధ్యలో ఉండేట్టు చూసుకుంటా, ఒక్కదానికి పోగు లేదు. (లెదర్ పౌచుల్లో మాత్రం పెట్టబాకండి, తేమని పీల్చి పట్టుకుంటాయి.)

తర్వాత రూటు మార్చినాడు. డబ్బులు ఇవ్వం, దాని బదులు వేరే లెన్స్ తీసుకో అన్నాడు. వద్దంటే "సెకండ్ హ్యాండ్ సరుకు సార్, మీకు తెలవదా" అని గొంతు పెంచినాడు. అప్పుడు 1915 కి ఫోన్ చేసినా, నేషనల్ కన్స్యూమర్ హెల్ప్ లైన్, తెలుగులోనే మాట్లాడినారు, కంప్లయింట్ నంబర్ ఇచ్చినారు. ఇక్కడ అందరూ తెలుసుకోవాల్సింది ఒకటుంది. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం పాడైన సరుకుని బిల్లులో రాసిన గడువు లోపల వెనక్కి తీసుకోను అంటే అది తప్పుడు వ్యాపారం కిందికి వస్తది, బిల్లులో గడువే రాయకపోతే 30 రోజులు. షాపు ఏ సిటీలో ఉన్నా సరే, మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్ లోనే కేసు వేసుకోవచ్చు, వాడి ఊరికి తిరగనక్కర్లేదు, కట్టిన డబ్బులు 5 లక్షల లోపలైతే ఫీజు కూడా లేదు, రెండేళ్ల లోపల వెయ్యాలి. ఈ ముక్క వాడికి మెసేజ్ పెట్టినాక "లెన్స్ పంపించండి సార్, చూస్తాం" అన్నాడు. పంపించినా. డబ్బులు వచ్చినాయి గానీ 6 వేలు కోసుకున్నాడు, సర్వీస్ చార్జి అంట. వాడి ఫంగస్ కి నేను సర్వీస్ చార్జి కట్టాలంట! ఆ 6 వేల మీదే ఇప్పుడు కంప్లయింట్ నడస్తా ఉంది, వదిలేది లేదు.

ఒకటి మర్చిపోబాకండి, ఇదంతా షాపు మీదే పనిచేస్తది. ఇంట్లో లెన్స్ అమ్ముకునే మామూలు మనిషి దగ్గర కొంటే కన్స్యూమర్ కేసు నిలబడదు, కాబట్టి అట్టాంటి డీల్ అయితే మనిషిని కలిసి, చేతిలోకి తీసుకుని చూసి, అప్పుడే డబ్బులివ్వండి. ఇక "ఆర్మీలో ఉన్నా, పోస్టింగ్ వచ్చింది, కెమెరా తక్కువకి ఇచ్చేస్తున్నా" అని ఐడీ కార్డు ఫోటో పంపేవాళ్ల సంగతి మీకు తెలిసిందే, అది పాత దొంగాట. డబ్బులు వాపస్ పంపిస్తున్నా పిన్ కొట్టు అంటే కొట్టబాకండి, డబ్బులు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పోయినాయి అంటే గంట కూడా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్ లైన్ 1930 కి కొట్టండి.

చూసేటప్పుడు ఏం చూడాలి అని చాలామంది మెసేజ్ పెట్టి అడగతా ఉన్నారు, అన్నిటికన్నా ముందు ఆ టార్చే. లోపల రెండు మూడు దుమ్ము రేణువులు కనపడితే భయపడబాకండి, ఈ లెన్స్ జూమ్ చేస్తే ముందుకి సాగతది, సాగేటప్పుడు గాలి పీలుస్తది, గాలితో దుమ్ము పోతది, దాని వల్ల ఫోటోకి వచ్చే నష్టం ఏం లేదు. చూడాల్సింది పోగులు, మసక. తర్వాత గోడకి పేపర్ పెట్టి తీసేది, నాలుగు మూలలూ జూమ్ చేసి పోల్చుకోండి, ఎపర్చర్ (లెన్స్ లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్ 5.6 లోనే, అంటే ఫుల్ ఓపెన్ లోనే తీయండి, 11 కి మూసి తీస్తే తప్పు దాక్కుంటది. వీఆర్ (చెయ్యి వణుకుని సర్దేది) ఆన్ చేసి బటన్ సగం నొక్కి వ్యూఫైండర్ లో చూడండి, బొమ్మ ఊగకుండా నిలబడాలి, ఎగిరెగిరి పడతా ఉంటే ఖర్చు గ్యారంటీ. ముందర ఫిల్టర్ బిగించే అంచు నొక్కుకుపోయుంటే కింద పడిందని అర్థం.

శాంపుల్ ఫోటోలు పంపితే వాట్సాప్ లో మామూలు ఫోటో మాదిరి కాకుండా డాక్యుమెంట్ గా పంపమనండి, అప్పుడు ఎక్సిఫ్ (ఏ తేదీన, ఏ లెన్స్ తో తీసినారో ఫైల్ లో ఉండే వివరాలు) ఉంటది. నాకు పంపిన ఫ్లెమింగో ఫోటోలు ఒరిజినల్ ఫైల్ కావాలని వెంటపడి అడిగితే గొడవంతా అయినాక పంపించినాడు, చూస్తే ఐదేళ్ల నాటి తేదీ, లెన్స్ కూడా వేరేది! అంటే ఎవరివో ఫోటోలు.

ఇంకోటి, మా ఒంగోలు తమ్ముడు ఒకడికి ఇదే షాపోడు డీ90 అనే పాత నికాన్ కెమెరా మీద ఈ లెన్స్ బ్రహ్మాండంగా పనిచేస్తది అని చెప్పినాడంట. పనిచెయ్యదు అబ్బయా. ఆటో ఫోకస్ అయితది, కానీ ఈ లెన్స్ లో ఎపర్చర్ కరెంటుతో తిరిగే రకం, డీ90, డీ80, డీ200 లాంటి పాత కెమెరా బాడీలు దాన్ని తిప్పలేవు, ఎప్పుడూ ఫుల్ ఓపెన్ లోనే ఉండిపోతది. డీ7000 నుంచి, డీ500, డీ750 అట్టాంటి వాటి మీద సమస్య లేదు. కొనే ముందు మీ బాడీ లిస్టులో ఉందో లేదో చూసుకోండి, అమ్మేవాడి నోటి మాట మీద వద్దు.

ఇక ఆ లెన్స్ గుర్తులు, ఎవరికైనా చూపించినా వెంటనే తెలిసిపోవాలని రాస్తున్నా. ట్రైపాడ్ కాలర్ (లెన్స్ ని స్టాండుకి బిగించే పట్టీ) అడుగున కుడి వైపు పెయింట్ గోరంత లేచిపోయి లోపలి మెటల్ కనపడతది. జూమ్ రింగ్ రబ్బరు ఒక చోట తెల్లగా పొడి పట్టినట్టు ఉంటది, తుడిస్తే పోయి మళ్లీ వస్తది. మౌంట్ లో పక్కపక్కన రెండు స్క్రూల గాడి అరిగిపోయుంటది. హుడ్ (లెన్స్ ముందర ఎండకి అడ్డం పెట్టే గొట్టం) లోపల పాత ధర స్టిక్కర్ సగం చినిగింది అతుక్కుని ఉంది, నేను కూడా తీయలేదు. పోస్టులో ఈ నాలుగు గుర్తులు కనపడే ఫోటో ఒక్కటీ ఉండదు, కావాలనే. మీకు అట్టాంటి పోస్టు కనపడితే "మౌంట్ స్క్రూలు, కాలర్ అడుగు భాగం క్లోజప్ పంపండి" అని అడగండి, పంపకపోతే అదే. స్క్రీన్ షాట్ తీసి తేదీ కనపడేట్టు నాకు పంపించండి, కంప్లయింట్ లో జత చెయ్యాలి. ఇప్పటికి ఇద్దరు పంపించినారు, ఇద్దరికీ వేరు వేరు రేటు చెప్పినాడు.