మాదాపూర్ పాత ఊరి పిండి గిర్నీ: ఏం పట్టించుకోవాలి, ఏం తీసుకెళ్లకూడదు

జొన్నరొట్టె కొడుతుంటే అంచులు విచ్చుకుపోతున్నాయా? ముందు పిండి ఎన్నాళ్లదో చూడండి. గోధుమలో ఉండే గ్లూటెన్ జొన్నలో లేదు. మరిగే నీళ్లు పోసినప్పుడు పిండి కొంత ఉడికి జిగురు పుడుతుంది, రొట్టెను పట్టి ఉంచేది ఆ జిగురే. పట్టించిన పది పదిహేను రోజులకు ఆ గుణం తగ్గిపోతుంది. ప్యాకెట్ పిండి చాలాసార్లు గోదాములోనే అంతకాలం గడిపి వస్తుంది. హైదరాబాద్‌లో మాదాపూర్ పాత ఊళ్లో ఇంకా తిరుగుతున్న గిర్నీ (పిండిమర) గురించి రాయడానికి ఈ ఒక్క కారణం చాలు. ఇంకా చాలా ఉన్నాయి.

1998 నవంబర్‌లో ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్ తెరిచిన చోటికి ఈ గల్లీ నడిచి వెళ్లేంత దూరమే. పెంకుటిళ్లు పోయి ఐదంతస్తుల హాస్టళ్లు లేచాయి. కిరాణా కొట్లు కర్రీ పాయింట్లయ్యాయి, సైకిల్ షాపు ఉన్నచోట కాఫీ అమ్ముతున్నారు. 2019లో మెట్రో హైటెక్ సిటీ దాకా వచ్చాక అద్దెలు మరింత పెరిగాయి. గిర్నీకి బోర్డు లేదు. "గిర్నీ ఎక్కడ?" అని ఇస్త్రీ బండి దగ్గర అడిగితే చూపిస్తారు. కారు గల్లీ మొదట్లోనే ఆపుకోవాలి, లోపల తిప్పుకునే చోటు ఉండదు.

షట్టరు వెనక మూడు మిషన్లు. మొదటిది రాతి గిర్నీ. రెండు రాళ్లలో ఒకటి కదలదు, రెండోది మోటారు బెల్టుతో తిరుగుతుంది. గోధుమ, జొన్న, సజ్జ, రాగి, పొడి బియ్యం దీని మీదే పడతారు. రెండోది కారం, పసుపు కోసం పెట్టిన పల్వరైజర్, లోపల ఇనుప సుత్తులు, కింద జాలీ. మూడోది తడి బియ్యానికి, సంక్రాంతి ముందే దాని మీది గోనె తీస్తారు. పిండి పడే గొట్టానికి బారెడు గుడ్డసంచి కట్టి, దాని రెండో కొస మన డబ్బాలో పెడతారు. పని తెలిసిన మనిషి ఎవరో ఇక్కడే తెలిసిపోతుంది. మొదటి గుప్పెడు పిండి పడగానే చిటికెడు తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూస్తాడు. పలుకు తగిలితే రాళ్ల మధ్య సందు తగ్గించే చక్రాన్ని కొంచెం బిగిస్తాడు. వేడి ఎక్కువనిపిస్తే కాస్త వదులుతాడు. మళ్లీ రుద్దుతాడు. ఈ గిర్నీలో అలా చూడకుండా తొట్టి నింపరు. అన్నిటికన్నా ఎక్కువ మార్కులు దానికే ఇస్తాను.

జొన్నలు ఒకసారికి 3 కిలోలకు మించి తీసుకెళ్లకండి. నలుగురున్న ఇంట్లో వారానికి నాలుగు పూటలు రొట్టెలు తిన్నా అది రెండు వారాలకు సరిపోతుంది. "రొట్టెలకు" అని చెప్పండి, మెత్తగా పడతారు. "గట్కకు" (జొన్నరవ్వ ఉడికించి తినేది) అంటే రవ్వలా దొడ్డుగా పట్టి ఇస్తారు. రెండూ కావాలంటే రెండు సంచుల్లో తేవాలి. సజ్జలైతే ఇంకా తక్కువ, కిలో కిలోన్నర చాలు. సజ్జ గింజలో నూనె ఎక్కువ. పిండి అయ్యాక దానికి గాలి తగిలి వారం పది రోజులకే చేదెక్కుతుంది. ప్యాకెట్ సజ్జ పిండితో చేసిన రొట్టె చేదుగా ఉందని సజ్జనే మానేసినవాళ్లు ఒకసారి ఇక్కడ పట్టించుకుని తిని చూడాలి. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

గోధుమల విషయంలో గిర్నీకి అంత తేడా కనిపించదు. మంచి కంపెనీ చక్కీ పిండి కూడా రాళ్ల మధ్య నలిగిందే. అయితే ఇక్కడ గింజ మనం ఎంచుకున్నది, పొట్టు మొత్తం మన డబ్బాలోకే వస్తుంది. షర్బతీ రకం గోధుమ తెచ్చుకుంటే చపాతీ మెత్తగా వస్తుంది, లోక్‌వన్ ధర తక్కువ, రోజువారీకి బాగానే ఉంటుంది. రాళ్లు, మట్టిబెడ్డలు ఏరి, ఒక పూట ఎండ చూపించి తెండి. కడిగిన గోధుమలు లోపల తడి ఆరకుండా తెస్తే రాయికి పిండి అట్టకడుతుంది, గిర్నీ ఆయన తిప్పి పంపేస్తాడు. ఆయన చేసేది సరైన పనే. 10 కిలోల గోధుమలకు కిలో శనగలు కలపడం ఇక్కడ చాలామంది చేసే పని, రొట్టెకు రుచి వస్తుంది. సోయా కలిపేవాళ్లు పావుకిలో దాటనివ్వకండి, వాసన వస్తుంది. తూకంలో 10 కిలోలకు వంద రెండొందల గ్రాములు తగ్గడం మామూలే, రాపిడి వేడికి తేమ పోతుంది, కొంత దుమ్ముగా ఎగిరిపోతుంది. అంతకన్నా తగ్గితే గుడ్డసంచి దులపమని అడగండి. కర్రతో నాలుగు దెబ్బలు వేస్తే దాని మడతల్లో చిక్కుకున్న మన పిండి మన డబ్బాలోకి దిగుతుంది.

పిండి వేడిగా ఉండగా మూత పెట్టేయడం అందరూ చేసే పొరపాటు. ఆ ఆవిరి మూతకు తగిలి నీరై పిండి మీదే పడుతుంది. ముందు ఉండలు కడుతుంది, తర్వాత ముక్కవాసన, ఆ వెనకే పురుగు. ఇంటికి రాగానే పాత చీర మీద గంటసేపు ఆరబోసి, చెయ్యి పెడితే చల్లగా తగిలాకే డబ్బాలో పొయ్యండి.

ఇక తడి పిండి. సకినాలకు కొత్త బియ్యం రాత్రి నానబెట్టి, పొద్దున గంపలోకి వంపి, నీళ్లు కారడం ఆగాక తేవాలి. ముద్ద చేసి నొక్కితే చేతికి తడి అంటాలి కానీ నీరు కారకూడదు. మరీ ఆరిపోయిన బియ్యంతో పిండి పలుకుగా వస్తుంది, చుట్టు తిప్పుతుంటే తెగుతుంది. అరిసెలకైతే ఒక రోజంతా నానాలి, రెండుసార్లు నీళ్లు మార్చాలి. పిండిని గిన్నెలో గట్టిగా అదిమి, పైన తడిగుడ్డ కప్పి తీసుకెళ్లి అదే రోజు వాడేయాలి. మర్నాటికి పులుస్తుంది. ఈ మిషను సంక్రాంతికి ముందు నాలుగైదు రోజులే నడుస్తుంది. అప్పుడు పొద్దున ఏడింటికే గల్లీలో గిన్నెల వరస మొదలవుతుంది. ఎనిమిదిలోపు గిన్నె పెట్టి పేరు చెబితే పది పదకొండుకు పిండి చేతికి వస్తుంది.

కారం సీజను ఫిబ్రవరి నుంచి మే దాకా. మిరపకాయలు తొడిమలు తీసి రెండు మూడు రోజులు ఎండబెట్టాలి, వంచితే ఫటుక్కున విరగాలి. మధ్యాహ్నం ఎండలోంచి తీసి, ఆ వేడి మీదే తెస్తే పొడి నున్నగా వస్తుంది. సాయంత్రం దాకా ఉంచితే మళ్లీ గాలిలో తేమ పీల్చుకుని మెత్తబడతాయి. ఒక్క తేజ రకంతో కారం మండుతుంది కానీ రంగు అంతగా రాదు. సగం బ్యాడిగి కలిపితే కూరకు ఎరుపు వస్తుంది. రెండు వాయిలుగా పట్టమనండి, మొదటిది దొడ్డు జాలీలో, రెండోది సన్నం జాలీలో. ఒకే వాయిలో మెత్తగా లాగితే మిషను వేడెక్కి కారం నల్లబడుతుంది. పసుపు కొమ్ములు రోట్లో కచ్చాపచ్చాగా దంచి తేవాలి. పొద్దున షట్టరు తీయగానే, ఎవరి కారమూ పడకముందే పసుపు పట్టించుకోండి.

నువ్వులు, పల్లీలు, ఎండుకొబ్బరి తేవద్దు. నూనె దిగి రాయి మూసుకుపోతుంది, ఎంత అడిగినా పట్టరు.

లోపాలు కూడా చెప్పాలి. రాయి అరిగితే గింజ నలగదు, పిండి వేడెక్కి మాడు వాసన వస్తుంది. అందుకని కొన్నాళ్లకోసారి రాళ్లు విప్పి ఉలితో కక్కు కొడతారు, అంటే అరిగిన రాయిని మళ్లీ గరుకు చేస్తారు. కక్కు కొట్టిన వెంటనే పట్టిన పిండిలో సన్నటి ఇసుక తగులుతుంది. ముందు తవుడో పాత గింజలో వేసి తిప్పి పారబోస్తారు, అయినా ఆ రోజు మొదటి గిరాకీ మనది కాకుండా చూసుకోవడం మంచిది. "కక్కు ఎప్పుడు కొట్టారు?" అని అడిగితే నిజమే చెబుతారు. ఇంకోటి, ముందు పట్టించినవాళ్ల పిండి కొంత రాళ్ల మధ్య మిగిలి మనదాంట్లో కలుస్తుంది. రాగి తర్వాత గోధుమ వేస్తే మొదటి పిడికెళ్లు నల్లగా పడతాయి. మామూలు ఇళ్లకు అది పెద్ద సమస్య కాదు. కానీ ఇంట్లో ఎవరికైనా గోధుమ అస్సలు పడదని డాక్టర్ చెప్పి ఉంటే జొన్నలైనా ఇక్కడ పట్టించొద్దు, చిటికెడు గోధుమ పిండి కలిసినా వాళ్లకు ప్రమాదమే. ఉబ్బసం ఉన్నవాళ్లు డబ్బా ఇచ్చేసి బయట నిలబడండి, లోపల దుమ్ము చాలా ఉంటుంది. ఎలక్ట్రానిక్ కాంటాకు తూనికలు, కొలతల శాఖ ముద్ర ఏటా వేయించాలి, ఇక్కడ అది కనిపించేలా ఉంది.

కూలి కిలో లెక్కన, రేట్లు గోడ మీద సుద్దతో రాసి ఉంటాయి. గోధుమకు తక్కువ, తడి బియ్యానికి ఎక్కువ, కారం, పసుపులకు ఇంకా ఎక్కువ. ఫోన్‌తో స్కాన్ చేసి ఇవ్వొచ్చు.

ఇంట్లో పెట్టుకునే పిండి మిషను కొనాలా అని అపార్టుమెంట్లలో చాలామంది అడుగుతున్నారు. అది ఒక హార్స్‌పవర్ మోటారుది, గంటకు ఏడెనిమిది కిలోల గోధుమలు పడుతుంది. చాలావాటిలో రాళ్లు ఉండవు, గింజను కొట్టి జాలీలోంచి తోస్తాయి. గోధుమ, రాగికి బాగుంటుంది. తడి బియ్యం వెయ్యడానికి లేదు, కారం వేస్తే ఆ ఘాటు తర్వాత నాలుగు వాయిలకూ పోదు. వారానికి ఐదు కిలోల లోపు వాడే ఇంటికి ఆ ఖర్చు దండగ, గిర్నీకి నడవడమే మేలు.

ఈ గిర్నీకి త్రీఫేజ్ కరెంటు కావాలి, కింది అంతస్తు గది కావాలి, పక్కింటివాళ్లు చప్పుడు ఓర్చుకోవాలి. ఈ మూడూ ఇప్పుడీ గల్లీలో దొరకడం కష్టం. అదే గదిని హాస్టల్ వంటగదికిస్తే యజమానికి ఎక్కువ అద్దె వస్తుంది. డబ్బాలు తెచ్చేది ఎక్కువగా వాచ్‌మెన్ కుటుంబాలు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, పాత ఊరివాళ్లు. అపార్టుమెంట్ల నుంచి నెలకు పాతిక డబ్బాలు అదనంగా వచ్చినా రాయి రోజూ తిరగడానికి ఆసరా అవుతుంది. అందుకే ఇంత వివరంగా రాశాను.

పొద్దున ఏడు నుంచి ఒంటిగంట, సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిది. కరెంటు పోతే తొట్టిలో సగం నలిగిన గింజ ఆగిపోతుంది, వచ్చేదాకా ఆగాల్సిందే. ఆదివారం పొద్దున రద్దీ ఎక్కువ, మంగళ, బుధవారాల సాయంత్రాలు ఖాళీగా ఉంటుంది. పిండి పొంగి గింజకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది గనక 10 కిలోల గోధుమలకు 15 కిలోల నూనె డబ్బా తెచ్చుకోండి. లోపల తడి లేకుండా తుడిచి, ఫ్లాట్ నంబరు మూత మీద కాకుండా డబ్బా మీద రాయండి. మూతలు మారిపోతుంటాయి.